పదిహేడో రాయి

ఆదివారం పొద్దున్నే అక్కయ్య మేడ దిగి వచ్చి, బూట్ల తాళ్ళు బిగించుకుని, గుమ్మం దగ్గర నిలబడిందంటే ఆ పూటకి తమ్ముడికి పేపరు చదివే యోగం లేనట్టే. రోజూ నాలుగు కిలోమీటర్లు నడవమని మోకాళ్ళ డాక్టరు ఆవిడకి చెప్పి ఏడాదిన్నర అయింది. ఊరికే నడవడం ఆవిడ వల్ల కాలేదు. ముప్పై మూడేళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజిలో కూర్చుని ఒకరి మాట ఒకరికి కలిపిన మనిషి, పనిలేకుండా కాలు కదపడమంటే ఆవిడకి చిన్నతనం. ఆ సమయంలో ఎవరో ఈ డబ్బాల ఆట నేర్పారు. జియోక్యాషింగ్ అంటారట. ఒకరు ఎక్కడో చిన్న డబ్బా దాచి, ఆ చోటు అంకెలు ఫోనులో పెడతారు. మిగతావాళ్ళు ఆ అంకెలు పట్టుకుని వెళ్ళి, వెతికి, డబ్బాలో ఉన్న కాగితం మీద పేరు రాసి, మళ్ళీ తీసిన చోటే పెట్టి వస్తారు. దొరికినందుకు ఎవరూ ఏమీ ఇవ్వరు. అయినా అక్కయ్య అప్పటికి నూట పన్నెండు డబ్బాలు పట్టింది. డాక్టరు చెప్పిన నాలుగు కిలోమీటర్లు ఎప్పుడో ఏడయ్యాయి.

"ఒరేయ్, లే. ఇవాళ మూడున్నాయి. మూడూ నది ఒడ్డునే."

"నువ్వెళ్ళిరా అక్కా. మోకాళ్ళు నీవి, నడకా నీదే."

"అంకెల ఉద్యోగం కదరా నీది. పక్కనుంటే పనికొస్తావని."

"నా అంకెలు ఫోనులోంచి ఊడిపడవు. రాయి దగ్గర మొదలవుతాయి."

"ఆ రాయి దగ్గరికే రమ్మంటున్నాను. మూడో డబ్బా నీ నంబరు రాయి దగ్గరే ఉందిట."

అతను పేపరు మడిచాడు. తను కొలతలు మొదలుపెట్టే సర్వే రాయి దగ్గర ఎవరో తనకి తెలియకుండా ఏదో దాచారంటే సర్వేయరన్నవాడికి కాలు నిలవదు. ఆ సంగతి అక్కయ్యకి తెలుసు.

ఆఫీసులో అతన్ని అంగుళం గారంటారు. మొదట్లో వెనకాల అనేవారు, తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు, ఇప్పుడు పోస్టుమేన్ కూడా అలాగే అంటాడు. ఎవరికీ ఒక అంగుళం వదలడు, ఎవరి దగ్గరా ఒక అంగుళం లాక్కోడు అని దాని అర్థం. పైకి చిరాకు పడినట్టు కనిపిస్తాడు గానీ ఆ పేరంటే అతనికి లోపల ఇష్టమే.

నడకదారి నది వెంబడే ఎగువ నుంచి దిగువకి సాగుతుంది. ఒక పక్క రెల్లు, ఒక పక్క ఇనప కమ్ముల కంచె, మధ్యలో చదరపు రాళ్ళు పరిచిన బాట. మూడేళ్ళ కిందట వేశారు. నది మీద మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. కొంగలు ఒంటికాలి మీద నిలబడి, నడిచేవాళ్ళని పనిలేనివాళ్ళని చూసినట్టు చూస్తున్నాయి. మొదటి డబ్బా ఒక బెంచీ కింద అయస్కాంతంతో అతుక్కుని ఉంది. రెండోది కంచె గుంజ బోలులోకి దారం కట్టి వేలాడదీశారు. అక్కయ్య చుట్టూ చూసి, ఎవరూ రావడం లేదని నమ్మకం కుదిరాక, దొంగసొమ్ము తీస్తున్నంత జాగ్రత్తగా తీసి, పేరు రాసి, మళ్ళీ పెట్టేసింది.

"తీసినట్టు పరాయివాళ్ళకి తెలియకూడదురా. అదీ నియమం."

"పెద్ద రాచకార్యం."

"నియమాలు నీ ఒక్కడికే ఉంటాయా ఏంటి?"

ఇంకాస్త దిగువకి వెళితే పడవల షెడ్డు. రేకుల కప్పు, మూడు పక్కల చెక్క గోడలు, నీళ్ళలోంచి పడవల్ని పైకి లాగడానికి రెండు ఇనప పట్టాలు. షెడ్డు నడిపే ఆమె ఒక చిన్న పడవని బోర్లా వేసుకుని, పలకల సందుల్లోకి నార తాడు కూరుతోంది. వెడల్పాటి మొద్దు ఉలి సందు మీద పెట్టడం, చిన్న సుత్తితో రెండు దెబ్బలు వెయ్యడం, ఉలిని బెత్తెడు జరపడం, మళ్ళీ రెండు దెబ్బలు. కొట్టిన ప్రతిచోటా చెవి కాస్త వంచి చప్పుడు వింటోంది. బిగిసిన చోట ఒక చప్పుడు, బిగియని చోట ఇంకో చప్పుడు వస్తాయి కాబోలు. అతన్ని చూసి లేచి నిలబడి, చేతులు గోనెపట్టాకి తుడుచుకుంది.

"నమస్కారం సార్. ఈ ఒక్క పడవా సాయంత్రానికి దించేస్తే, రేపట్నుంచి షెడ్డు విప్పడం మొదలుపెడతాం. బుధవారం మీరు చెప్పిన గడువుకి స్థలం ఖాళీగా ఉంటుంది."

"మంచిది," అన్నాడు అతను.

"ఎందుకమ్మా విప్పడం?" అని అడిగింది అక్కయ్య.

"మా షెడ్డు దారివాళ్ళ స్థలంలో పడిందమ్మా. సార్ కొలిచారు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. వాన పడుతోంది కాబట్టి లోపల కూర్చున్నామన్నట్టు చెప్పి, మళ్ళీ ఉలి అందుకుంది. నాలుగడుగులు వేశాక అక్కయ్య తమ్ముడి వైపు తిరిగింది.

"అలా చూడకు," అన్నాడు అతను. "పదిహేడో రాయి నుంచి ఎగువకి నలభై మీటర్లు దారికి వదిలిన ఆఫీసు స్థలం. నలభై దాటితే వాళ్ళది. ఆ నలభైలో అరుగులు కట్టి, జనం కూర్చుని నది చూసేలా చేస్తారు. షెడ్డు మొత్తం ఏడు మీటర్లు. ఏడూ నలభైలోపే పడింది."

"పాపం కాదట్రా?"

"టేపు మీద మీటర్లుంటాయి అక్కా. పాపం ఉండదు."

పదిహేడో రాయి దారి పక్కన రాజసంగా ఉంది. కింద సిమెంటు గద్దె, రాయికి తెల్ల సున్నం, దాని మీద నల్లగా నంబరు. అతను దాని నెత్తి మీద చెయ్యి వేశాడు. మనుషులు మాట మారుస్తారు, కాగితాలు చెదలు పడతాయి, రాయి మాత్రం ఉన్నచోటే ఉంటుందని సర్వే పనిలోకి వచ్చిన మొదటి రోజునే చెబుతారు. ముప్పై ఏడేళ్ళుగా అతను కూడా కొత్తవాళ్ళకి ఆ ముక్కే చెబుతూ వచ్చాడు.

అక్కయ్య ఫోనులో సూచన చదివింది. "రాయి పక్కన కూర్చుంటే చెయ్యి అందుతుంది. అంతే రాశాడు."

రాయి పక్కన కూర్చోవడానికి బాట తప్ప ఏమీ లేదు. సిమెంటు గద్దె చుట్టూ చీమ దూరే సందు కూడా లేదు. అక్కయ్య గద్దె చుట్టూ రెండుసార్లు తిరిగింది, రెల్లు దులిపింది, కంచె కిందకి వంగి చూసింది. తర్వాత ఫోను అరచేతిలో పెట్టుకుని దిగువకి నడవడం మొదలుపెట్టింది.

"ఇక్కడ కాదంటోందిరా. ఇంకో తొమ్మిది మీటర్లు అటు."

"ఫోను నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. దాన్ని నమ్ముకుని గోడ కడితే పక్కింట్లో లేస్తుంది."

"నాలుగైదు సరే. నూట పద్నాలుగు డబ్బాల్లో తొమ్మిది మీటర్లు ఎప్పుడూ తప్పలేదు. మూడేళ్ళుగా వచ్చినవాళ్ళంతా రాయి దగ్గర వెతికి వెతికి దొరకలేదని రాసి పోయారు. వాళ్ళూ నీలాగే రాయిని నమ్మినట్టున్నారు."

అక్కడ నీళ్ళలోకి దిగే పాత రాతిమెట్లున్నాయి. అక్కయ్య మోకాలు పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి, మూడో మెట్టు మీద చతికిలబడి, పక్క గోడ సందులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. ఆవిడ మొహం చూసి అతనికి డబ్బా దొరికిందని తెలిసింది.

మూతకి మైనం పట్టించిన మందుల డబ్బా అది. లోపల చుట్టిన కాగితం, ఒక గుండీ, ఒక ఈల, ప్లాస్టిక్ అతికించిన ఫొటో. ఫొటోలో ఒక పెద్దమనిషి ఇదే మూడో మెట్టు మీద కూర్చుని కెమెరా వైపు నవ్వుతున్నాడు. ఎడమ చెయ్యి స్నేహితుడి భుజం మీద వేసినట్టు ఒక రాయి మీద వేసి ఉంది. రాయి మీద నంబరు పదిహేడు. వెనకవైపు ఆరేళ్ళ కిందటి తేదీ.

అతను ఫొటో చేతిలో పట్టుకుని మెట్టు పక్కకి చూశాడు. పాత రాతి మధ్యలో, సరిగ్గా రాయి పట్టేటంత చోట, కొత్త సిమెంటు చదరం ఒకటి ఉంది. బాట వేసినవాళ్ళకి అక్కడ రాయి అడ్డమైంది. పీకారు. పారెయ్యడానికి మనసొప్పక ఎగువన గద్దె కట్టి, సున్నం వేసి, నంబరు దిద్ది మళ్ళీ నిలబెట్టారు. ఎవరు చేశారో గానీ పని శుభ్రంగా చేశారు. అతను ఆ శుభ్రం చూసే మోసపోయాడు.

మెట్టు దగ్గర్నుంచి రాయి దాకా అడుగులు వేసి చూశాడు. తొమ్మిది మీటర్లు. రాయి తొమ్మిది మీటర్లు ఎగువకి జరిగితే నలభై మీటర్ల గీత కూడా తొమ్మిది ఎగువకి జరుగుతుంది. గీతని ఆనుకునే ఉన్న షెడ్డు ఏడు మీటర్లే, అంటే మొత్తం వాళ్ళ స్థలంలోనే ఉంది. ఈ లెక్కకి సర్వేయరు అక్కర్లేదు, మూడో క్లాసు చాలు.

అక్కడితో ఆగితే అది బాట వేసినవాళ్ళ తప్పే. కానీ కొలత ఎప్పుడూ రెండు రాళ్ళ నుంచి వెయ్యాలి. పదిహేడు నుంచి నలభై వస్తే, ఎగువనున్న పద్దెనిమిది నుంచి వెనక్కి ఎనభై రావాలి, రెండు రాళ్ళ మధ్య నూట ఇరవై కాబట్టి. అలా సరిచూసిన అంకె రాయడానికి కొలతల పుస్తకంలో వేరే గడి ఉంటుంది. షెడ్డు కొలిచిన రోజు చినుకులు పడుతున్నాయి. పద్దెనిమిదో రాయి చుట్టూ ముళ్ళపొదలు నడుం ఎత్తున పెరిగి ఉన్నాయి. చాల్లే అన్నాడు అతను. నూట ఇరవైలోంచి నలభై తీసేసి, ఆ గడిలో ఎనభై అని రాశాడు. ముప్పై ఏడేళ్ళలో అలా రాయడం అదొక్కసారే. నిజంగా కొలిచి ఉంటే డెబ్బై ఒకటి వచ్చేది, రాయి కదిలిన సంగతి ఆ రోజే బయటపడేది.

"డబ్బా దొరికితే అంత మొహం వేలాడేసుకుంటావేంట్రా?" అంది అక్కయ్య కాగితం మీద పేరు రాస్తూ.

"ఏం లేదు."

ఆవిడ ఫొటో లాక్కుని, డబ్బాలో పెట్టి, మూత బిగించి, ఉన్నచోటే దోపింది. తిరిగి వచ్చేటప్పుడు షెడ్డులోంచి ఉలి చప్పుడు వినిపించింది. అతని నడక నెమ్మదించింది. ఆగండి, విప్పకండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఫొటో చూసి మాట చెప్పడం సర్వేయరు పని కాదని, టేపు వేసి చూశాకే నోరు విప్పాలని తనకి తాను చెప్పుకున్నాడు. ఆ మాట నిజమే. అది నిజం కావడం ఆ క్షణంలో అతనికి ఎంతో హాయిగా ఉంది.

*

సోమవారం పొద్దున అతను చైన్‌మన్‌ని, టేపుని, ఒక కొడవలిని వెంటబెట్టుకుని పద్దెనిమిదో రాయి దగ్గరికి వెళ్ళాడు. చైన్‌మన్ అంటే కొలిచేటప్పుడు టేపు రెండో చివర పట్టుకునే మనిషి. సర్వేయరు అంకె చదువుతాడు, చైన్‌మన్ వంగి సున్నాని రాయికి ఆనించి పట్టుకుంటాడు. ఇతను పదహారేళ్ళుగా అంగుళం గారి టేపుకి రెండో చివరే పట్టుకుంటున్నాడు.

ఇద్దరూ కలిసి పొదలు కొట్టారు. గంట పట్టింది. రాయి పాచి పట్టి, కొంచెం పక్కకి ఒరిగి, ఎవరి సున్నానికీ నోచుకోకుండా ఉంది. దాని నెత్తి మీద పాతకాలం వాళ్ళు చెక్కిన కూడిక గుర్తు మాత్రం చెక్కు చెదరలేదు.

కొలిచారు. అప్పుడు షెడ్డువాళ్ళు టీకి వెళ్ళినట్టున్నారు, అక్కడ ఎవరూ లేరు. నలభై గీత కోసం ఇంతకుముందు తను పాతించిన మేకు దగ్గరికి డెబ్బై మీటర్ల తొంభై సెంటీమీటర్లు వచ్చింది. మళ్ళీ కొలిచారు. అంతే వచ్చింది.

"తొమ్మిది మీటర్లు తేడా సార్," అన్నాడు చైన్‌మన్.

"తొమ్మిది మీటర్ల పది."

"ఆ రోజు మీరే చాల్లే అన్నారు."

"నేనే అన్నాను."

చైన్‌మన్ టేపుకి అంటిన మట్టి తుడిచాడు. "రాయి కదిలిందని రాయండి సార్. చాలు. ఆ గడి సంగతి ఎవడడుగుతాడు? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"ఎవడైనా అడుగుతాడు. సరిచూసినవాడికి ఎనభై ఎలా వచ్చిందని. రాయి కదిలిందన్నది నిజమైతే నా ఎనభై అబద్ధం. ఒకటి రాస్తే రెండోది రాసినట్టే."

ఇద్దరూ పొదల దగ్గరికి తిరిగొచ్చాక దిగువ నుంచి రేకుల చప్పుడు మళ్ళీ మొదలైంది. షెడ్డు నడిపే ఆమె తమ్ముడు కప్పు మీద నిలబడి మేకులు ఊడదీస్తున్నాడు. రేకు ఒక్కోటి వదులైనప్పుడల్లా ఆమె కిందనుంచి చేతులెత్తి అందుకుని, గోడకి ఆనిస్తోంది. పొదల్లోంచి చూస్తే నూరు అడుగులైనా దూరం లేనట్టుంది. చైన్‌మన్ అటు చూసి, సర్వేయరు వైపు చూశాడు. కాగితం లేకుండా నోటిమాట చెబితే రేపు ఆఫీసరు కాదంటే ఎవరు జవాబు చెబుతారని సర్వేయరు అన్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు.

మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని రెండు పేజీలు రాశాడు. మొదటి పేజీలో రాయి సంగతి, రెండో పేజీలో గడి సంగతి. ఆఫీసరు మీటింగుకి వెళ్ళాడు, రేపటిగ్గానీ రాడన్నారు. కాగితాలు తీసుకునే గుమాస్తా ఎదురుగానే ఉన్నాడు. ముద్ర వేసి ఇచ్చెయ్యొచ్చు. ఇలాంటివి చేతికే ఇవ్వాలనుకుని అతను వాటిని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తేలు కుట్టిన దొంగ కూడా తనకి తాను ఇలాంటి కారణాలే చెప్పుకుంటాడు.

సాయంత్రం అక్కయ్య కిందకి వచ్చేసరికి అన్నం కంచం ముందు పెట్టుకుని కెలుకుతున్నాడు.

"నిన్నట్నుంచి చూస్తున్నాను. ఫోనుకి తప్పొచ్చిందా, నీకొచ్చిందా?"

అతను చెప్పాడు. మొదట రాయి సంగతి చెప్పాడు, తర్వాత గడి సంగతి, రెండూ రాసిన కాగితం సంగతి చెప్పాడు. అక్కయ్య వినడంలో ముప్పై మూడేళ్ళు ఆరితేరిన మనిషి. చివరిదాకా వింది.

"ఇంకెన్నాళ్ళు నీ ఉద్యోగం?"

"పధ్నాలుగు నెలలు."

"ఆ కాగితం ఏది?"

జేబు తడుముకున్నాడు. ఆవిడ దాన్ని తీసుకోవడానికి చెయ్యి చాపలేదు.

"మా ఆటలో ఒకటుందిరా. డబ్బా కంటితో చూశాను, చేత్తో పట్టుకున్నాను అంటే కుదరదు. లోపల పేరు రాయకపోతే దొరకనట్టే లెక్క."

ఆ మాట అని, అన్నం చల్లారిపోతోంది తినమని, మేడ మీదకి వెళ్ళిపోయింది.

*

మంగళవారం నాలుగున్నరకి ఆఫీసరు వచ్చాడు. చిన్నవాడు. ఈ ఆఫీసులోకి వచ్చిన కొత్తలో టేపు వెయ్యడం అంగుళం గారి దగ్గరే నేర్చుకున్నాడు. అందుకని కుర్చీలోంచి లేచి, కూర్చోండి మాస్టారూ అన్నాడు. మొదటి పేజీ చదివి తల ఊపాడు. రెండో పేజీ సగం చదివి ఆపి, లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు.

"మొదటి పేజీ ఒక్కటి ఇవ్వండి మాస్టారూ. రాయి కదిలింది, కొత్త కొలత ఇదీ. నోటీసు ఇప్పుడే ఆపేస్తాను. ఈ రెండోది ఎందుకు?"

"రెండోది లేకపోతే మొదటిది నిలవదు."

"నిలవకపోతే నేను చూసుకుంటాను కదా."

"నువ్వెందుకు చూసుకోవాలి?"

ఆఫీసరు పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. "విచారణ వెయ్యాల్సి వస్తుంది. మీ మీద నేను. ఈ పధ్నాలుగు నెలలూ దాంతోనే సరిపోతుంది. అసలు ఆ షెడ్డు ఆవిడ అభ్యంతరం కూడా రాయలేదు మాస్టారూ. ఒక్క ముక్క రాసి పడేసి ఉంటే అప్పుడే ఇంకోసారి కొలిపించేవాణ్ణి. ఎందుకు రాయలేదో మరి."

"వెయ్యి విచారణ."

ఆఫీసరు ఇక వాదించలేదు. రెండు పేజీల మీదా తేదీ వేసి ముద్ర కొట్టించాడు. నోటీసు ఆపేస్తూ ఇంకో కాగితం టైపు చేయించి, సంతకం పెట్టి, మీరే తీసుకెళ్ళి ఇస్తారా అని అడిగాడు. ఇస్తానన్నాడు అతను.

బయటికి వచ్చేసరికి ఒళ్ళు తేలికపడింది. చీకటి పడుతోంది, ఇప్పుడెళ్ళి వాళ్ళని ఇబ్బంది పెట్టడమెందుకు, పొద్దున్నే పోదామనుకున్నాడు. నిజం చెప్పాలంటే అతను కొంత గర్వపడుతున్నాడు. తన తప్పు తనే రాసి ముద్ర కొట్టించుకున్న సర్వేయరు ఈ ఆఫీసులో ఇంకొకడున్నాడా అని లోపల్లోపల అనుకున్నాడు. ఆ రాత్రి అతనికి మంచి నిద్ర పట్టింది.

*

బుధవారం తెల్లారగానే కాగితం, టేపు తీసుకుని ఒక్కడే నది ఒడ్డుకి వెళ్ళాడు. వెళ్ళేసరికి షెడ్డు లేదు.

కూలిపోయిన షెడ్డు ఎలా ఉంటుందో అతనికి తెలుసు. బుల్డోజరు తోసినవి చాలా చూశాడు. ఇది అలా లేదు. రేకులు సైజుల వారీగా పేర్చి తాళ్ళతో కట్టి ఉన్నాయి. గోడ చెక్కలు ఒకవైపు, దూలాలు ఒకవైపు. ప్రతి దూలం చివరా సుద్దతో ఒక నంబరు. ఊడదీసిన మేకులు వంపులు సరిచేసి డబ్బాల్లో పోశారు. పట్టాలు తవ్వి తీసిన గాడులు కూడా మట్టితో పూడ్చి, కాలితో తొక్కి, నీళ్ళు చల్లి ఉన్నాయి. గుంజలున్న గుంటలు నాలుగూ పూడ్చారు. స్థలం ఖాళీగా అప్పగించమంటే ఎవరూ ఇంత ఖాళీగా అప్పగించరు.

ఆమె దూలాల మీద కూర్చుని టీ తాగుతోంది. అతన్ని చూసి గ్లాసు కింద పెట్టి లేచింది.

"వచ్చారా సార్. మధ్యాహ్నం బండి వస్తుంది. అప్పటిదాకా ఈ సామాను ఉండనివ్వండి."

"సామాను ఎక్కడికీ పంపక్కర్లేదు," అన్నాడు అతను. దారి పొడుగునా మనసులో అనుకుంటూ వచ్చిన వాక్యం అది. "నోటీసు ఆపేశారు. కొలత తప్పు. ఈ స్థలం మీదే."

కాగితం అందుకుని ఆమె మెల్లగా చదివింది. చివరిదాకా వచ్చి మళ్ళీ మొదటికి వెళ్ళింది.

"తప్పా? ఎవరిది?"

"నాది."

ఆమె అతని మొహంలోకి చూసింది. కోపంగా చూస్తుందేమోననుకున్నాడు. కోపం లేదు. ఏదో లెక్క సరిపోలనట్టు చూస్తోంది.

"నలుగురూ కోర్టుకి వెళ్ళమన్నారు సార్. మా తమ్ముడు కాగితం కూడా రాయించాడు. కొలిచిందెవరని అడిగాను. అంగుళం గారన్నారు. ఆయన కొలిస్తే ఇంక మాట్లాడేదేముంది, విప్పేద్దాం అన్నాను. వాడు రాయించిన కాగితం నేనే చింపేశాను."

ఆవిడ అభ్యంతరం ఎందుకు రాయలేదో మరి అన్న ఆఫీసరు మాట అతనికి గుర్తొచ్చింది. ఎందుకు రాయలేదో ఇప్పుడు తెలిసింది. ఏ పేరు చూసుకుని ఇన్నేళ్ళూ లోలోపల మురిసిపోయాడో ఆ పేరే ఈ షెడ్డుని విప్పింది. అతను సిగ్గుపడ్డాడు. రెండో పేజీ రాసినప్పుడు కూడా ఇంత సిగ్గు కలగలేదు.

"ఎప్పుడు తెలిసింది సార్ మీకు?"

కాగితం మీద మంగళవారం తేదీ ఉంది. నిన్న అంటే సరిపోతుంది.

"ఆదివారం అనుమానం వచ్చింది. సోమవారం కొలిచి చూశాను."

"ఆదివారం ఇటే వెళ్ళారు."

"వెళ్ళాను."

"సోమవారం ఆ పొదల్లో కొడవలి చప్పుడైంది. ఎవరో కట్టెలు కొట్టుకుంటున్నారన్నాడు మా తమ్ముడు. అది మీరేనా?"

"నేనే."

"మేం కప్పు మీదున్నాం అప్పుడు."

"చూశాను."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారా అని ఆమె అనలేదు. అంటే బాగుండుననిపించింది అతనికి. ఆమె కాగితం మడిచి, గాలికి పోకుండా దూలాల మీద పెట్టి, పైన సుత్తి ఉంచింది. మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసింది. నది ఒడ్డున నడిచేవాళ్ళు ఇద్దరు ముగ్గురు వాళ్ళని దాటుకుని వెళ్ళారు. ఖాళీ స్థలం చూసి, అరుగులు ఎప్పుడు కడతారో అనుకుంటూ పోయారు.

అతను టేపు బయటికి తీశాడు. చేతికి పని ఉంటే ఊపిరాడుతుందనిపించింది. "పదండి. మీ స్థలం ఎక్కడి దాకానో గీత గీసి చూపిస్తాను. మళ్ళీ కట్టుకునేటప్పుడు తేడా రాకుండా."

"మీరు చూపిస్తే నేనెలా నమ్మేది సార్?"

ఎత్తిపొడుపుగా అడగలేదు. పలక బిగిసిందా లేదా అని సుత్తితో తట్టి చూసినట్టు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ముప్పై ఏడేళ్ళలో ఈ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు.

ఆమె చెయ్యి చాపింది. "టేపు ఇటివ్వండి. ఎక్కడ చదవాలో చెప్పండి. నేను చదువుతాను. మీరు అటు చివర పట్టుకోండి."

చెప్పాడు. ఎర్రగీతలు మీటర్లు, నల్లవి సెంటీమీటర్లు. టేపు ముప్పై మీటర్లే కాబట్టి ముప్పై అయినచోటల్లా ఒక మేకు పాతాలి, అక్కడినుంచి మళ్ళీ మొదలు. పద్దెనిమిదో రాయి నుంచి మొత్తం ఎనభై. ఆమె రెండుసార్లు అడిగి, తిరిగి ఒప్పచెప్పి, డబ్బాలోంచి పొడుగాటి పడవ మేకులు మూడు ఏరుకుంది.

అతను సున్నా ఉన్న చివర పట్టుకుని పొదల్లోకి వెళ్ళాడు. సోమవారం కొట్టిన ముళ్ళు ఎండి గట్టిపడి కాళ్ళకి గుచ్చుకున్నాయి. చైన్‌మన్ పదహారేళ్ళుగా ఎలా వంగుతున్నాడో అలా వంగి, మోకాలు నేలకి ఆనించి, సున్నాని కూడిక గుర్తు మధ్యలో పెట్టి బొటనవేలితో నొక్కిపట్టాడు. యాభై ఏడేళ్ళ నడుం కలుక్కుమంది.

"బిగించండి," అని కేక వేసింది ఆమె. "సున్నా కదులుతోంది."

బిగించాడు. ఆమె ఒక కన్ను మూసి, దూలం వంకర చూసినట్టు టేపు వెంబడి చూసి, మేకు పాతింది. మళ్ళీ ముప్పై. మళ్ళీ మేకు. ఈసారి అతను రెండో మేకు దగ్గరికి వచ్చి కూర్చుని సున్నా పట్టుకున్నాడు. ఆమె వెనక్కి నడుచుకుంటూ వెళ్ళింది. తన షెడ్డు నిలబడ్డ చోటంతా దాటి, పూడ్చిన గుంటలు దాటి, ఆఖరి గుంజ ఉండే చోటుకి ఇంకో రెండు మీటర్లు అవతల ఆగింది. వంగి, వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివింది.

"ఇరవై," అంది.

అతను సున్నాని నొక్కిపట్టే ఉన్నాడు. అవునని చెప్పడం తన పని కాదు ఇప్పుడు.

ఆమె మేకు పాతలేదు. మేకు చేతిలోనే పట్టుకుని, తను నిలబడిన చోటు నుంచి గుంట దాకా, గుంట నుంచి కట్టలు కట్టిన రేకుల దాకా చూసింది. ఆ చూపు అంతసేపు ఉంటుందని అతను అనుకోలేదు. చేతిలో టేపు జారకుండా రెండో చెయ్యి కూడా వేసి పట్టుకున్నాడు.

"పట్టుకున్నారా సార్?"

"పట్టుకున్నాను."

"వదిలెయ్యండి. మళ్ళీ రాయి దగ్గరికి వెళ్ళండి. ఇంకోసారి కొలుద్దాం."

అతను లేచి, మోకాలి మట్టి దులుపుకోకుండానే, టేపు చివర పట్టుకుని ముళ్ళలోకి నడిచాడు.